కాలువ అడుగున ఆరు వారాలు

"చేపలు ముట్టుకున్న చేత్తో జాడీ ముట్టుకోకమ్మా, ఆవకాయ బూజెక్కుతుంది" అంది సంపూర్ణమ్మ, కోడలి ముందు ఎండుమిరపకాయల బుట్ట పెడుతూ.

ముట్టుకోకూడనిది జాడీ ఒక్కటే. మిరపకాయల తొడిమలు తీయడానికి, ఆవాలు చెరగడానికి, రెండొందల మామిడికాయలు కడిగి తుడిచి ఆరబెట్టడానికి ఆ చేతులకు ఏ అడ్డూ లేదు. మీనాకుమారి తొడిమలు తీస్తూ ఆ మాటను మనసులోనే తూచింది. పుట్టిల్లు పిఠాపురంలో కిరాణా కొట్టు, మెట్టినిల్లు పాలకొల్లులో హోల్‌సేల్ కొట్టు. ఏ మాట విన్నా అందులో అసలెంత, తరుగెంత అని చూడకుండా ఉండలేదు. అత్తగారి మాటలో బూజు తరుగు. అసలు సంగతి, పని కావాలి, పని చేసే మనిషి కొంచెం దూరంగా ఉండాలి.

చేపల గొడవ ఆ వేసవిలోనే మొదలైంది. మీనాకుమారి బియ్యెస్సీ రెండో ఏడు పరీక్షలు రాసిన 1982 వేసవి అది. కాలేజీలో కొత్తగా ఒక పథకం పెట్టారు. డిగ్రీ పిల్లలు సెలవుల్లో ఆరు వారాలు ఒక లెక్చరరు దగ్గర పరిశోధన చెయ్యాలి, చివర మూడొందల రూపాయలిస్తారు. జువాలజీ చెప్పే రమాదేవిగారు ఇద్దరిని ఎంచుకుంది. ఒకరు మీనాకుమారి, రెండోది నరసాపురం వైపు చేపలు పట్టేవాళ్ళ అమ్మాయి మరిడమ్మ. వేసవిలో కాలువలు కట్టేసి నీళ్ళు దిగిపోయాక అడుగున మిగిలే గుంటల్లో ఏయే చేపలు, ఎన్ని, మళ్ళీ నీళ్ళొచ్చేదాకా బతుకుతున్నాయన్నది ప్రశ్న. "దీనికి జవాబు నాక్కూడా తెలీదు" అంది రమాదేవిగారు మొదటి రోజే. పెద్దవాళ్ళెవరూ తన ముందు అలాంటి మాట అనగా మీనాకుమారి అంతవరకు వినలేదు.

ఇంట్లో ఒప్పించడం కష్టం కాలేదు. చదువుకున్న కోడలంటే ఆ ఇంటికి కొంత పరపతి. భర్త నాగేశ్వరప్రసాద్ నవ్వి, ఆరు వారాలకి మూడొందలంటే మా గుమాస్తా జీతం కంటే నయమే, వెళ్ళు, పొద్దున్న వంట చేసి వెళ్ళు అన్నాడు. పనేంటని అడగలేదు. ఆమె చెప్పలేదు. కొనేవాడు అడగని సంగతి తామై చెప్పకపోవడం వాళ్ళిళ్ళలో తప్పు కింద లెక్క కాదు.

పెళ్ళయిన రెండేళ్ళూ ఆమె ఆ కాలువను రేవు మెట్ల మీద నుంచి బిందె మునిగేంత మేరే చూసింది. ఇప్పుడు పొద్దున్న ఆరింటికి ఆ మెట్లు దిగితే, చివరిదనుకున్న మెట్టు కింద ఇంకా మెట్లున్నాయి. అవీ దిగి, నీళ్ళుండాల్సిన చోట నడిచేది. రెండు పక్కలా గట్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు, వాటి మధ్య కాలువంత వెడల్పు ఆకాశం. తన తల మీద రెండు నిలువుల నీళ్ళున్నాయనీ, వాటి మీద ధాన్యం పడవలు వెళ్తున్నాయనీ, వాటి నల్లటి అడుగులు తనకు కనబడుతున్నాయనీ అనుకునేది. పైన గట్టు మీద ఎవరో ఎవరినో పిలిచేవారు. ఆ పిలుపు కిందికి దిగేసరికి మాట కరిగిపోయి చప్పుడే మిగిలేది. ఎండి నెరియలిచ్చిన బురద, నత్తగుల్లలు, ఎవరి కాలినుంచో జారిన వెండి మట్టె. గుంటల్లో పాచి రంగు నీళ్ళు. అందులో పరిగె చేపలు ఒక్కసారిగా తిరిగితే నీళ్ళకి పొలుసులు మొలిచినట్టుండేది. తొమ్మిదింటిదాకా, ఆ మూడు గంటలూ ఆమెను ఎవరూ మంచినీళ్ళడగలేదు.

మొదటి వారం చేపను పట్టుకోవడానికి చెయ్యి రాలేదు. పుట్టాక ఆ వాసన దగ్గరికి వెళ్ళని చెయ్యి. మరిడమ్మ వలలోంచి ఒక కొర్రమీనును తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"పేరులో చేపని పెట్టుకుని చేపకి జంకుతారేంటండి?"

చల్లగా, బలంగా, చేతిలో కండరం కదిలింది. భయపడాల్సినంత ఏమీ లేదనిపించింది. లెక్క రాసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేశారు. కొర్రమీను ఒక్క తోకదెబ్బతో మాయమైంది. ఆ సాయంత్రం పప్పు తిరగమోత పెడుతుంటే కూడా అరచేతిలో ఆ కదలిక ఉంది.

మూడో వారానికి ఊరికి తెలిసింది. పక్క కొట్టు బియ్యం వర్తకుడు, "ఏం ప్రసాదూ, కొట్లో ఎండుచేపలు కూడా దించుతున్నారంటగా" అన్నాడట. ప్రసాద్ ఇంటికొచ్చి కేకలెయ్యలేదు. అతను కేకలేసే మనిషి కాదు. ఆడదాని చదువు ఇంటికి బోర్డులా ఉండాలి గానీ బజార్లో దండోరాలా ఉండకూడదన్నాడు. ఆ మర్నాటి నుంచి పెరట్లో స్నానం చేస్తే గానీ లోపలికి రావద్దన్నారు. చీరకి వేరే దండెం, తనకి వేరే తువ్వాలు. తడిబట్టతో లోపలికొచ్చి అదే చేత్తో పన్నెండు మందికి వడ్డించేది. వడ్డనకి మైల లేదు.

అయినా బేరం తనకే లాభం అనుకుంది. మూడు గంటలకి ఈ మాత్రం సుంకం కట్టొచ్చు.

ఆరో వారం బుధవారం నాడు రమాదేవిగారు ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మరిడమ్మ వైపు పదమూడు గుంటల్లో ఐదు ఖాళీ అయిపోయాయి. నీ వైపూ పదమూడే, ఒక్కటీ ఖాళీ లేదేంటమ్మా?"

మీనాకుమారి తన పుస్తకం చూసుకుంది. చాలా చోట్ల 'ఒకటి' అని ఉంది. ఆ ఒక్క చేపనీ ఎక్కడ చూసిందో గుర్తు తెచ్చుకోబోతే ఒక్కటీ గుర్తు రాలేదు. గుర్తొచ్చింది పిఠాపురం కొట్టు. అక్కడ ఖాళీ డబ్బా ఉండకూడదు. అయిపోయిందనకూడదు, నిండుకుందనాలి. ఎనిమిదేళ్ళప్పుడు దీపాలు పెట్టేవేళ అడుగంటిన డబ్బాలన్నీ వెతికి తలా ఒక గింజ వెయ్యడం తన పని. నాన్న బంగారు చెయ్యి అనేవాడు. ఆ చెయ్యే వట్టి గుంట ముందు కూర్చుని, తనకు చెప్పకుండా, సున్నా రాయాల్సిన చోట ఒకటి వేసేసింది.

రమాదేవిగారు కోప్పడలేదు. "నీది దొంగలెక్క కాదు, దయగల లెక్క. కానీ చచ్చిన గుంటని బతికుందని రాస్తే, అదెందుకు చచ్చిందో ఇంకెవరూ అడగరు" అంది. శుక్రవారం కాలువలకు నీళ్ళొదులుతారు. ఈలోగా పదమూడు గుంటలూ మళ్ళీ లెక్కపెడితేనే ఆమె లెక్క, ఆమె పేరు రిపోర్టులోకి వెళ్తాయి. లేకపోతే ఐదు వారాలూ నీళ్ళపాలు.

ఇంటికి నడుస్తుంటే దారి కాళ్ళకి తగలనట్టుంది. అమ్మకి రాసే ఉత్తరాలు ఒకదాని వెంట ఒకటి కళ్ళ ముందు ఈదుకుంటూ పోయాయి. ఇక్కడ అందరూ బాగా చూసుకుంటున్నారు. మాఘమాసంలో నూటమూడు జ్వరంతో వంట చేసిన రోజు ప్రసాద్ సాంబారు రుచి చూసి ఉప్పు తక్కువైందన్నాడు, తర్వాత చేతులు కడుక్కుంటూ, జ్వరం తగ్గిందా అనీ అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. అడిగారు కదా అని ఆమె ఆ రోజుకీ ఒక గింజ వేసింది. రెండేళ్ళుగా ప్రతి ఖాళీలోనూ గింజ వేస్తున్నది తనే. అడుగున ఏముందో ఎవరికి తెలియాలి?

ఆ మధ్యాహ్నం భోజనం అయ్యాక ప్రసాద్ లేవలేదు. జేబులోంచి నోట్లు తీసి మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాడు.

"నాలుగొందలు. మీ కాలేజీ ఇచ్చేది మూడే కదా. రేపట్నుంచి వెళ్ళకు, ఇంట్లో కూర్చో."

గొంతులో కోపం లేదు. మంచి బేరం ఇస్తున్నవాడి నెమ్మది ఉంది. గుమ్మంలో నిలబడ్డ సంపూర్ణమ్మ, వందెక్కువే ఇస్తున్నాడు కదమ్మా అంది.

మీనాకుమారి నోట్ల వైపు చూసింది. గుంటలో కలక తేరి అడుగు కనబడినట్టు లోపలంతా తేటపడింది. ఈ ఇంట్లో తనకి మొదటిసారి ఒక ధర కట్టారు. అదీ దేనికి?

"కూర్చోడానికి నాలుగొందలు మంచి ధరేనండి" అంది. "కానీ నేనీ ఇంట్లో ఇంతవరకు కూర్చోలేదు. చేసినదానికి ఎంతిస్తారు?"

ధర అనగానే వర్తకుడి మనసు తనకు తెలియకుండానే లెక్కలోకి దిగుతుంది. ప్రసాద్ పెదవులు కదిలాయి. తెల్లవారుజాము పాలదగ్గర మొదలుపెట్టి ఎంతవరకు వచ్చాడో, ఆగిపోయాడు. గుమ్మంలో సంపూర్ణమ్మ కూడా కళ్ళు ఎటో పెట్టి నిలబడింది. ఆవిడది నలభై ఏళ్ళ లెక్క. కాసేపటికి లోపలికి వెళ్ళిపోయింది. నోట్లు గ్లాసు కిందే ఉన్నాయి.

గురువారం ఆరింటికి మీనాకుమారి రేవు మెట్లు దిగింది. మరిడమ్మ వల పట్టుకుని ఎదురుచూస్తోంది. ఒక్కో గుంటలో మూడేసిసార్లు వల వేశారు. ఉన్నవి ఉన్నట్టు, లేనివి లేనట్టు రాసుకుంటూ వెళ్ళారు. ఎండ ముదిరింది. లాకుల మనిషి గట్టు మీద వెళ్తూ, ధవళేశ్వరంలో తలుపులెత్తడానికి సిద్ధంగా ఉన్నారంట, తొందరగా కానివ్వండమ్మా అన్నాడు. ఆ మాటతో కాలువంతా చెవులు రిక్కించినట్టయింది. ఎక్కడో దూరాన నీళ్ళు మేలుకుంటున్నట్టు, వాటి చల్లదనం ముందుగా తన చీలమండలకి తెలుస్తున్నట్టు అనిపించింది.

పదకొండో గుంట అయ్యేసరికి గట్టు మీద స్కూటరు ఆగింది. ప్రసాద్ దిగి అంచుకి వచ్చాడు. కొట్టు తీసి ఉండాల్సిన వేళ. బజారుకెళ్ళే జనం చూస్తున్నారు. అంత ఎత్తు మీద నుంచి అతను చిన్నగా కనబడ్డాడు, మాట మాత్రం సరిగ్గా వినబడింది.

"నిన్నటి నుంచీ వేస్తున్నాను" అన్నాడు. "నువ్వడిగిన లెక్క. తేలట్లేదు."

ఆమె మోచేతి దాకా ఉన్న బురద చీర కొంగుకు తుడుచుకోలేదు.

"వేస్తూ ఉండండి" అంది. "నాకింకా రెండు గుంటలున్నాయి."