రాతి మీది మొహం

మా ఊళ్లో చిల్లరకు కరువొచ్చింది. నాణేలు చేసే రాగీ నికెలూ యుద్ధం మింగేసింది. నేనేమో రొట్టెల కొట్లో చిల్లరకు బదులు బన్నులు చేతిలో పెట్టి పంపేదాన్ని. చివరికి మునిసిపాలిటీ వాళ్లు సొంతంగా, చిల్లర నాణేలకు బదులు చెల్లే యాభై ఫెన్నిగుల కాగితాలు అచ్చు వేయించారు. బొమ్మ గీసింది మా ఆయన లేబెరెఖ్ట్. రాతి మీద బొమ్మ గీసి అచ్చు తీసే పని ఊళ్లో ఆయనొక్కడికే వచ్చు. పూర్వం మరిగే కుడుముల నీళ్లు పోసి శత్రు సైనికులను తరిమిన మా ఊరి వంటావిడ బొమ్మ అది.

పక్కింటి రోజమండ్ కొత్త కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఒట్టీలీ వదినా, నువ్వే! ఆ గరిటె పట్టుకోవడం కూడా నీదే!"

చూశాను. నేను కాదు. నాకు లేచే కనుబొమ్మ కాదు, రెండోది లేచి ఉంది; నవ్వూ అవతలి పక్కకే వాలింది. నా పోలికలున్న ఎవరో పరాయి ఆడది. లోపలికెళ్లి అద్దంలో చూసుకుని మరీ వచ్చాను. అన్నేళ్లు కాపురం చేసిన మనిషికి నా మొహం గుర్తులేదు! ఏడుపొచ్చింది కానీ, రోజమండ్ ముందు ఏడుస్తానా?

కాగితాలు ముచ్చటగా ఉన్నాయని ఊరివాళ్లు దాచుకున్నారు, పై ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కొనుక్కుపోయారు. చిల్లర కరువు మళ్లీ మొదటికొచ్చింది. అదే బొమ్మ ఇంకోసారి అచ్చెయ్యమని మునిసిపాలిటీ వాళ్లు మా ఆయనతో అన్నారట. ఆ మాట వినగానే ఇసుక సంచీ ఎత్తుకుని అచ్చుశాలకు బయల్దేరాను. పని అయిపోయిన రాతిని ఇసుకా నీళ్లతో రుద్ది బొమ్మ చెరిపేస్తారు.

"ఏమయ్యా, నువ్వు రుద్దుతావా, నన్ను రుద్దమంటావా?"

"ఏమైందే ఇప్పుడు?"

"ఎవత్తె అది? నాకు ఏ కనుబొమ్మ లేస్తుందో కూడా తెలీదా నీకు?"

ఆయన బిత్తరపోయి నన్నే చూశాడు. తర్వాత రాతి మీది తడిగుడ్డ తీశాడు.

"చెరిపే ముందు ఒక్కసారి చూడు."

రాతి మీద నేనున్నాను. రోజూ పొద్దున్నే అద్దంలో కనబడే నేనే.

"ఇక్కడ కుడి ఎడమలు తిరగేసి గీస్తేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు అద్దంలో చూసుకునేది ఇదే. కాగితం మీద ఉన్నది నాకు కనబడే ఒట్టీలీ."

ఏప్రన్ జేబులోంచి నలిగిన కాగితం తీశాను. ఆ పరాయి ఆడదాన్ని మళ్లీ చూశాను. గరిటె ఎత్తి కోపంగా ఉంది, అయినా నవ్వు ఆపుకోలేకపోతోంది. ఎంత బాగుందో! ఇన్నేళ్లూ ఈ మనిషి ఎదురుగా కూర్చుని సూపు తాగుతూ చూసింది ఈమెనా?

"మరి ఇసుకేం చెయ్యమంటావ్?" అన్నాడు.

"గుమ్మంలో చల్లు. మంచులో కాలు జారకుండా ఉంటుంది."

రెండో విడత అచ్చులో మొదటి కాగితం నేనే తీసుకున్నాను. ఆరనివ్వలేదు కాబట్టి వేళ్లకు సిరా అంటింది.