జబ్బు పేరు రాయని కార్డు

నేను అరచేతిలో ఇమిడే ఒక అట్టముక్కను. పైన ప్లాస్టిక్ తొడుగు, లోపల రెండే వాక్యాలు: "ఈమె ఒక వైద్య పరిశోధనలో పాల్గొంటున్నారు. రక్తపరీక్ష చేసేముందు ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఏ జబ్బు మీద పరిశోధనో ఎక్కడా లేదు. "ఆ పేరు రాస్తే ఎవరైనా సంచిలో పెట్టుకుని తిరగ్గలరా సార్?" అని అక్కడ సలహాలు చెప్పే కౌన్సెలర్ ఫిలోమినా డాక్టరుతో పోట్లాడి మరీ తీయించింది. ఆవిడది మంచి మనసు. మంచి మనసున్నవాళ్ళు చేసే పొరపాట్లు ఇలాగే ఉంటాయి.

ఆ జబ్బు ఎయిడ్స్. అది రాకుండా ఆపే టీకా ఒకటి తయారుచేసి, ముందుగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు వేసి చూస్తున్నారు. నన్ను నాగరత్నం చేతిలో పెట్టారు. చీరాలలో జాకెట్లు కుట్టుకునే మనిషి, ముప్పై రెండేళ్ళు, పెళ్ళి వద్దనుకుంది. చెల్లెలు శేషుమణి మూడేళ్ళ కిందట ఆ జబ్బుతోనే పోయింది. అంటించిన మొగుడు అంతకుముందే పోయాడు.

సూది వేసేముందు ఆమెకు అంతా అర్థమైందో లేదో ప్రశ్నలు వేసి చూశారు. దీనివల్ల జబ్బు వస్తుందా అంటే, "రాదండీ, ఇందులో ఆ క్రిమి లేదు" అంది. ఇది మిమ్మల్ని కాపాడుతుందా అంటే, "తెలీదండీ" అంది. రెండూ సరైన జవాబులే. మరెందుకు వచ్చావని ఫిలోమినా ఊరికే అడిగింది.

"మా చెల్లి ఉన్నప్పుడు ఇది లేదు కదండీ."

ఫిలోమినా నన్ను చూపించి జాగ్రత్త చెప్పింది. టీకా పడ్డ ఒంట్లో క్రిమి లేకపోయినా దానిమీదికి కాపలా తయారవుతుంది. మామూలు పరీక్ష ఆ కాపలానే చూసి, దొంగ దూరాడని చెప్పేస్తుంది. అందుకే ఈ కార్డు లేకుండా ఎక్కడా రక్తం ఇవ్వకు అంది.

నాగరత్నానికి సూదంటే భయం లేదు. తల్లికి తెలిస్తేనే భయం. మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికే వీరరాఘవమ్మ, శేషుమణి పోయాక ఆ జబ్బు పేరు ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఆ మాట ఆమె చెవిన మళ్ళీ పడితే తట్టుకోలేదు. అందుకని నాగరత్నం లేసులు కొనడానికి పట్నం వెళ్తున్నానని చెప్పి మూడు డోసులూ వేయించుకుంది. నేను హుక్కుల డబ్బాలో తలదాచుకున్నాను.

ఆ ఏడే ఆమెకు కడుపులో నొప్పి పుట్టింది. అపెండిక్స్, వెంటనే కోయాలన్నారు. మెలికలు తిరిగిపోతూ కూడా నన్ను మరిచిపోలేదు, పాపం. నర్సింగ్ హోమ్ కౌంటర్లో ఉన్నాయన నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆరోగ్యశ్రీనా? ఇట్టాంటి కార్డులు ఇక్కడ చెల్లవమ్మా" అని వెనక్కి ఇచ్చేశాడు.

నా మీద ఆ జబ్బు పేరొక్కటి ఉండి ఉంటే ఆయన చదివేవాడేమో. రక్తం తీశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. మత్తు దిగకముందే ఒక నర్సు వార్డు మధ్యలో నిలబడి, నీ కూతురికి హెచ్ఐవీ ఉందని వీరరాఘవమ్మతో చెప్పింది.

మత్తు దిగాక నాగరత్నం నా మీది నంబరుకు ఫోన్ చేయిస్తే, మర్నాడు ఫిలోమినా పరుగున వచ్చింది. క్రిమినే వెతికే వేరే పరీక్ష చేయించింది. క్రిమి లేదు. ఆ కాగితం చూపించి, కాపలా సంగతీ దొంగ సంగతీ ముసలావిడకు అరగంట వివరించింది. "సరేనమ్మా" అంది వీరరాఘవమ్మ.

ఫిలోమినా అటు వెళ్ళగానే ముసలావిడ కూతురి తల నిమిరింది. "శేషు కూడా కామెర్లని చెప్పిందే. నేనూ సరేనన్నా."

ఇంటికొచ్చాక, ఒక మధ్యాహ్నం నాగరత్నం సగం తిని వదిలేసిన కంచాన్ని వీరరాఘవమ్మ ముందుకు లాక్కుని అందులోనే తినసాగింది.

"ఏందమ్మా ఇది?"

"శేషుకి ఏడాది పొడుగునా వాకిట్లో ఆకేసి పెట్టా. ఆ ఆకు కూడా దాని చేతే ఎత్తించా. కలిసి తింటే అంటదని నాకు తెలవదే అప్పుడు."

"నాకేం లేదమ్మా. నీ మీద ఒట్టు."

"సరేలే. పెరుగు కలపనా?"

ఆ కంచంలో తింటూనే తల్లి ఏడ్చింది. నాకు మాట వస్తే ఆ రోజు అరిచి చెప్పేదాన్ని.

టీకా అనుకున్నంత పని చేయలేదట. ఫైలు మూసేశారు, నంబరు తీసేశారు. నాగరత్నం మాత్రం నాలుగేళ్ళు ఒట్లు వేస్తూనే ఉంది. ప్రతిసారీ వీరరాఘవమ్మ సరేనంది. ఒక్కసారీ నమ్మలేదు.

పోయిన ఆషాఢంలో ఆమె మంచం పట్టింది. ఆయాసం. చివరి రోజు పొద్దున కూతురి చెయ్యి పట్టుకుని అడిగింది.

"మందులు ఏసుకుంటన్నావా? నేను లేనని మానేయబాకే."

నాగరత్నం నోరు తెరిచింది. ఒట్టు వేయబోతుందనుకున్నాను.

"ఏసుకుంటన్నానమ్మా," అంది. "రోజూ ఏసుకుంటన్నా."

వీరరాఘవమ్మ ముఖం తేటపడింది. ఆ ఇంట్లో కూతుళ్ళు చెప్పిన మాటల్లో ఆమె నిజంగా నమ్మింది అదొక్కటే.