పూల్‌సింగ్ నింపిన ఫారం

లైన్‌మన్ పూల్‌సింగ్ తండాలో చెప్పుకుని తిరిగే గొప్ప ఒకటే. ఆయన కొడుకు ఏడవలేదు.

బడి లేని ఒక ఆదివారం, మిరపకాయలు ఏరడానికి వెళ్తున్న ట్రాక్టర్ ఏన్కూరు దగ్గర కాలువలోకి బోల్తా పడింది. ట్రాలీ కింద పక్కింటి సోమ్లి చనిపోయింది. పూల్‌సింగ్ పిల్లలిద్దరూ ఆమె పక్కనే ఇరుక్కుపోతే, గంట తర్వాత బయటికి లాగారు. పదహారేళ్ల సరళ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. పద్నాలుగేళ్ల కోటేష్ కళ్లు చెమర్చలేదు. వాడు పులి అన్నాడు పూల్‌సింగ్. నాలుగు నెలలైనా ఆ పులి కూర్చునే నిద్రపోతోంది, బడికి వెళ్లే ఆటో ఎక్కనంటోంది, అక్క భుజం మీద చెయ్యేసినా ఉలిక్కిపడుతోంది. అదంతా ఎదిగే వయసు లెమ్మన్నాడు తండ్రి. ఆహా, ఏం కనిపెట్టాడు!

ప్రమాదమైన నెలలోపే దవాఖానాలో ఇలాంటి పిల్లల కోసం కౌన్సెలింగ్ పెట్టారు. ముందు ఫారం నింపాలి. భయమేస్తోందా, పీడకలలు వస్తున్నాయా అంటూ ఇరవై ప్రశ్నలు. సరళ తన ఫారం తనే నింపింది. కోటేష్‌ది మాత్రం పూల్‌సింగే లాక్కుని, మీటర్ రీడింగ్ రాసినంత ధీమాగా ఇరవైకి ఇరవై 'లేదు' అని రాసేశాడు. దాంతో సరళకు పన్నెండు వారాల చికిత్స, కోటేష్‌కు ఆడుకోమని ఒక వాలీబాల్ దక్కాయి. కౌన్సెలర్ ప్రమీలారాణి కూడా తక్కువేం తినలేదు. ఆ ట్రాలీలో ఉన్న ఐదుగురు మగపిల్లల ఫారాలూ తండ్రుల చేతిరాతలోనే ఉన్నా పట్టించుకోకుండా, మగపిల్లలు త్వరగా కోలుకున్నారని పైకి రిపోర్టు పంపేసింది.

చికిత్స చివర్లో ఒక పద్ధతి ఉంది. జరిగిందంతా పిల్లలు కాగితం మీద రాసి, తల్లిదండ్రుల ముందు చదవాలి. ఆ రోజు పూల్‌సింగ్ కోటేష్‌ను వరండాలో కూర్చోబెట్టి, లోపల కాలు మీద కాలేసుకున్నాడు. ఆడపిల్ల ఏడుపు వినడానికి సెలవు దండగ అనుకున్నాడు మహానుభావుడు.

సరళ ఏడవకుండా చదివింది. సోమ్లి చెయ్యి కోటేష్ చేతిలోనే చల్లబడిందట. వాడు గంటసేపూ నాయనా, నాయనా అని ఏడుస్తూనే ఉన్నాడట. బయటికి లాగాక తండ్రి కనబడగానే మళ్లీ ఏడవబోయాడట.

అక్కడ ఆగి, కాగితం పక్కన పెట్టింది. "అప్పుడు నువ్వేమన్నవో యాదికున్నదా నాయనా? మగోడివి, ఏడిస్తే నా కొడుకువే కాదన్నవ్. గప్పటి సంది వాడు నీ కొడుకుగానే ఉండాలని చూస్తుండు."

పూల్‌సింగ్ కాలు దించాడు. కూతురి ముందు సిగ్గుతో చచ్చిపోయాడు.

ప్రమీలారాణి గబగబా కొత్త ఫారం తీసి కోటేష్‌ను లోపలికి పిలిచింది. ఆ సాయంత్రం దాటితే కొత్తవాళ్లను తీసుకోరని కూడా చెప్పింది. భయమేస్తోందా అని అడిగితే వాడు తండ్రి మొహం చూసి లేదన్నాడు. పీడకలలు? మళ్లీ తండ్రి మొహం, మళ్లీ లేదు. ఇదే వరసలో ఇరవై దాకా పోతే వాడికిక చికిత్స లేనట్టే.

"నేనుంటే చెప్పడు మేడం," అని పూల్‌సింగ్ లేచి బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేశాడు.

వరండా బెంచీ మీద టోకెన్ పట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. లోపల ప్రమీలారాణి ప్రశ్నలు మళ్లీ మొదటి నుంచి వినబడ్డాయి. తర్వాత ఒక్కసారిగా ఏడుపు మొదలైంది, నాలుగు నెలలది.

"ఎవరి పిల్లనో పాపం," అన్నాడు పెద్దాయన.

"పిల్ల కాదు," అన్నాడు పూల్‌సింగ్, వరండా అంతా వినబడేలా. "నా కొడుకు."