రెండున్నర అంగుళాల ఊపిరి

మా దుకాణంలో కాజాలు నా పని. కోటు మా పెద్దాడు కత్తిరిస్తాడు, కోడలు మిషను మీద కుడుతుంది, బొత్తాం దూరే కన్నం మాత్రం నా సూది కిందికి రావలసిందే. నలభై ఏళ్లుగా ఇదే వరస. గత పదకొండేళ్లుగా నాతోపాటు కీళ్లవాతం కూడా నా స్టూలు మీదే కూర్చుంటోంది. ఇది వయసుతో వచ్చే నొప్పి కాదట. ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే దారి తప్పి కీళ్ల మీద పడుతుందని డాక్టరుగారు చెప్పారు.

"కాపలావాళ్లే కొడుతుంటే ఇక ఎవరికి చెప్పుకోను బాబూ?" అన్నాను. ఆయన నవ్వుతూనే మాత్రలు రాశారు. అవి ఈ రోజుకీ మింగుతున్నాను.

పొద్దున్న లేవగానే నా వేళ్లు నా మాట వినవు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలి. ఈ మధ్య సూది జారడం మొదలయింది. ఒకాయన తెల్ల చొక్కా మీద నా వేలి రక్తం చుక్క పడ్డాక, కోడలు మెల్లగా మాట కదిపింది.

"అత్తయ్యా, కాజాల మిషను చూసి వచ్చాను. నిమిషానికి ఆరు వేస్తుందట."

"మన దుకాణానికి నిమిషానికి ఆరుగురు వస్తున్నారా ఏమిటే?"

"మీ చేతులు చూస్తుంటే నాకు ముద్ద దిగడం లేదు. ఇంట్లో హాయిగా కూర్చోండి."

"ఇంట్లో కూర్చుని ఎవరితో మాట్లాడను? ఫ్రిజ్జుతోనా?"

పెద్దాడు కత్తెర ఆపి మా ఇద్దరి వంకా చూసి, మళ్లీ గుడ్డలో తల దూర్చేశాడు. వాడిది ఎప్పుడూ అదే తెలివి. చివరికి కోడలూ నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. బ్యాండులో బాకా ఊదే ఆయన కోటు ఆర్డరు ఒకటి వచ్చింది. ఆరు కాజాలు. మూడు వారాల తర్వాత శనివారం ఆయన తొడిగి చూసుకుంటాడు. ఆరూ సరిగ్గా వస్తే స్టూలు నాది. తేడా వస్తే మిషను వస్తుంది, నేను ఇంటికి వెళతాను. నాకు కలిసొచ్చింది ఒక్కటే, ఆ కోటు ఎరుపు. వేలు గుచ్చుకున్నా ఎవరికీ తెలియదు.

ఆ బాకా ఆయనతో మాకు పాత తంటా ఒకటుంది. ఎంత గట్టిగా కుట్టినా ఆయన బొత్తాలు నిలవవు. కిందటిసారి ఒకటి ఎగిరి డోలు వాయించే ఆయన చెంపకి తగిలిందట. "దారం బాగోలేదు" అని ఆయన, "తిండి తగ్గించండి" అని మావాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే తగువు.

నా ఒప్పందం సంగతి విని డాక్టరుగారు మాత్రలతోపాటు ఇంకొకటి రాశారు. ఆసుపత్రి రెండో అంతస్తులో మంగళవారం మంగళవారం ఒక క్లాసు. చాపల మీద ఎనిమిదిమందిమి, అందరివీ ఏళ్ల తరబడి వదలని జబ్బులే. నా పక్కన ఒక బస్సు కండక్టరు, ఆయనవి కిడ్నీలు. టీచరు పాతికేళ్ల పిల్ల, ప్రతి మాటకీ ముందు "నెమ్మదిగా" అంటుంది.

"నెమ్మదిగా కళ్లు మూసుకోండి. నెమ్మదిగా కాలి బొటనవేలి దగ్గరికి వెళ్లండి."

నేను కళ్లు తెరిచి చూసుకున్నాను. "వెళ్లానమ్మా. గోరు తీసుకోవాలి."

"చూపుతో కాదు బామ్మా, మనసుతో. అక్కడినుంచి చీలమండ, మోకాలు... నొప్పి కనిపిస్తే పోట్లాడకండి. ఒకసారి పలకరించి రండి."

"పలకరించడానికి అదేమన్నా చుట్టమా?"

"చుట్టమే అనుకోండి. ఎంత విసుక్కున్నా వెళ్లని చుట్టం."

"అయితే మా ఆడపడుచే."

ఎనిమిదిమందిలో ఏడుగురు నవ్వారు. ఎనిమిదో ఆయన కండక్టరు, అప్పటికే గురక పెడుతున్నాడు.

తర్వాత ఊపిరి పాఠం. చెయ్యి పొట్ట మీద పెట్టుకోవాలి. గాలి లోపలికి పీలిస్తే పొట్ట పైకి లేవాలి, వదిలితే దిగాలి.

"ఎంత లేవాలమ్మా?"

"ఇంత అని లేదు బామ్మా. హాయిగా ఉన్నంత. ఏ రోజు ఎలా ఉందో మాత్రం రాసుకోండి."

నలభై ఏళ్లు కుట్టుపనిలో ఉన్నదాన్ని, ఇంత అని లేని హాయిని ఎక్కడ రాసుకోను? దుకాణానికి వచ్చి టేపు తీసి పొట్టకి చుట్టుకున్నాను. గాలి వదిలితే ముప్ఫై ఎనిమిది. పీలిస్తే ముప్ఫై ఎనిమిదీ పావు. ఇంతేనా అనిపించింది. చూస్తే గాలంతా భుజాల్లోకి పోతోంది. పదకొండేళ్లుగా నొప్పికి భయపడి భుజాలు చెవులదాకా ఎత్తుకుని కూర్చున్నానని అప్పుడు తెలిసింది. నొప్పి ఒక బరువు, దానికోసం బిగుసుకోవడం ఇంకో బరువు. మొదటిది నా చేతిలో లేదు. రెండోది కింద పెట్టొచ్చు కదా!

రోజూ కొలుచుకున్నాను. అర అంగుళం, ఒకటి, ఒకటిన్నర. కత్తిరింపు ముక్కల మీద సుద్దతో రాసుకునేదాన్ని. రెండో వారం చివర ఒక మధ్యాహ్నం పొట్ట ఏకంగా రెండున్నర అంగుళాలు లేచింది. ఆ సంబరంలో చేతికి ముక్క దొరకలేదు. బల్ల మీద కొలతల పుస్తకం తెరిచి ఉంది. నాకు అక్షరాలు తడబడతాయి కాని అంకెలు పరుగెడతాయి. 38 అని వేసి, దాని కింద 40½ అని వేసి, వెళ్లి సూది పట్టుకున్నాను.

ఆ తర్వాతి వారం పెద్దాడు ఎర్ర కోటు కత్తిరించాడు, కోడలు కుట్టి నా చేతికిచ్చింది. సూది గుచ్చేటప్పుడు గాలి లోపలికి, దారం లాగేటప్పుడు బయటికి. నొప్పి ఎక్కడికీ పోలేదు, పక్కనే కూర్చుని చూసింది. ఒక్కో పూట ఒక్కో కాజా. అయిదోదాని రోజు మాత్రం మణికట్లు వాచి మండిపోయాయి. ఆ రోజు ఏ ఊపిరీ పెద్దగా ఆదుకోలేదు. సగం కుట్టి, పడుకుని, మర్నాడు మిగతా సగం వేశాను. శుక్రవారానికి ఆరూ అయ్యాయి.

శనివారం బాకా ఆయన వచ్చి కోటు తొడిగాడు. పొట్ట దగ్గర ఖాళీ సంచీలా వేలాడింది.

"ఇదేమిటయ్యా, ఇందులో నాతోపాటు ఇంకెవరు దూరాలి?" అన్నాడు.

పెద్దాడు పుస్తకం తెచ్చాడు. మా ఆయన పెట్టిపోయిన రివాజు ఒకటుంది. ఎవరేమన్నా సరే, పేజీలో చివర వేసిన అంకెకే కత్తెర. "నలభైన్నర. చూసుకోండి, మీ పేజీయే."

కోడలు తొంగి చూసింది. "నాలుగు అంకె ఇలా కుర్చీ బోర్లేసినట్టు వేసేది మన ఇంట్లో ఒక్కరే." అందరూ నావైపు తిరిగారు.

"అది నా పొట్ట," అన్నాను.

"నా కోటుకి మీ పొట్ట కొలతా పెద్దమ్మా?"

"మామూలు పొట్ట కాదు నాయనా, ఊపిరి పీల్చిన పొట్ట."

పెద్దాడు తల పట్టుకున్నాడు. "అమ్మా, ఎక్కువ ఇచ్చింది ముందు పట్టీలోనే. ఇప్పుడు అది కోసెయ్యాలి. కాజాలు ఆరూ పోతాయి."

 కోడలు నా స్టూలు వంక ఒక్క చూపు చూసింది. నా భుజాలు వాటంతటవే చెవులదాకా లేచాయి. పలకరించాను, దించాను. గాలి పొట్టలోకి తీసుకున్నాను. అది నిండుతూ ఉండగానే తట్టింది. టేపు చుట్టగానే మగాళ్లంతా చేసే పని ఒకటుంది కదా, పొట్ట లోపలికి బిగపట్టడం! ఇరవై రెండేళ్లుగా మేము కొలిచింది ఈయన బిగపట్టిన పొట్టనే.

"నాయనా, బాకా తెచ్చావా?"

"పెట్టెలో ఉంది."

"బొత్తాలు పెట్టుకుని ఒకసారి ఊదు."

ఆయన అనుమానంగానే గుండెనిండా గాలి పీల్చాడు. గుండె ఏమిటి, పొట్టనిండా పీల్చాడు. ఖాళీ సంచీ మా కళ్లముందే నిండి, నున్నగా, ఒక్క ముడత లేకుండా నిలిచింది. ఊదాడు. గోడ గడియారం అదిరింది, ఎదురు మందుల షాపాయన బయటికి వచ్చాడు. ఆరు బొత్తాల్లో ఒక్కటీ కదల్లేదు.

"ఇన్నాళ్లూ కింది రెండు బొత్తాలూ విప్పుకుని ఊదినా పైవి ఎగిరేవి పెద్దమ్మా," అని ఆయన ఇంకోసారి ఊదాడు, అడక్కుండానే.

ఆయన వెళ్లబోతుంటే కోడలు ఆపి, కాజాలు ఒక్కొక్కటే గోటితో తడిమింది. నా కోడలు ఊరికే ఒప్పుకునే మనిషి కాదు.

"అయిదోది కొంచెం వంకర."

"అది వాపు వచ్చిన రోజు."

"ఆరూ సరిగ్గా రావాలనుకున్నాం."

"అనుకున్నాం."

ఆ బొత్తాం పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. "చొక్కాలకి మిషను తెస్తాను. కోట్లు మీవి. వాపు రోజుల్లో మాత్రం సూది ముట్టకూడదు," అంది.

కాసేపు బేరమాడాను, అలవాటు కొద్దీ. తర్వాత సరేనన్నాను.

సాయంత్రం దారపు ఉండలు సర్దుతుంటే బట్టల బీరువా వెనక చప్పుడయింది. కోడలు టేపు నడుముకి చుట్టుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి పీలుస్తోంది. నన్ను చూసి గబుక్కున టేపు లాగేసింది.

"ఎంత?" అన్నాను.

"పావే, అత్తయ్యా."

"మొదటి రోజు నాదీ అంతే. భుజాలు దించు. పుస్తకంలో మాత్రం రాయకు."