ఆరు వారాల బ్రెడ్డు

బేకరీలో పిండి కలపడంలో పిచిక తల్లిది పదకొండేళ్ల అనుభవం. ఆమె సెలవు పెట్టిన రోజున కొనేవాళ్లు బ్రెడ్డు నొక్కి చూసి, "ఇవాళ ఆవిడ రాలేదా?" అని అడిగేవారు. అలాంటి చేతికి సొంత కూతురి ఒంటికి గుప్పెడు కండ పట్టించడం మాత్రం చేతకాలేదు. పిల్లకి ఏడేళ్లు నిండినా ఐదేళ్ల పిల్ల గౌనే సరిపోయేది. కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం బూరలా ఉబ్బి ఉండేది. అందుకే ఇంటా బయటా దాన్ని పిచిక అనే పిలిచేవారు. తిన్న కాసేపటికి "అమ్మా, కడుపునొప్పి" అంటూ మూలన ముడుచుకునేది. నులిపురుగుల మందు వేశారు. టానిక్కులు పట్టించారు. బడి ఎగ్గొట్టే వేషాలని కసిరి కూడా చూశారు.

ఆ ఏడు బడి సెలవుల్లో బేకరీలో ఇద్దరు పని మానేశారు. పిల్లని చూసుకునే తీరిక లేక, రెండు నెలలు ఆడపడుచు దగ్గర వదిలిపెట్టింది పిచిక తల్లి. ఆడపడుచు అంటే భర్తకి అక్క. టైలరు. పెళ్లి చేసుకోలేదు. ఒక గది, ఒక వంటిల్లు, ఒక కుట్టుమిషను, ఇదే ఆవిడ కాపురం.

సెలవులయ్యాక పిల్లని తీసుకురావడానికి వెళ్లిన తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. పిచికకి బుగ్గలొచ్చాయి! మెట్లు రెండేసి దూకుతూ వచ్చి మీద పడింది.

"అమ్మా, అత్తయ్య ఇంట్లో నాకసలు కడుపునొప్పే రాలేదు!"

సంతోషించాల్సిన మాట. కానీ తల్లికి ఎక్కడో చురుక్కుమంది.

"ఏం పెట్టావేంటి వదినా?" అని అడిగింది, నవ్వు తెచ్చిపెట్టుకుని.

"ఏముంది, నేను తినేదే. అన్నం, పప్పు, గుడ్డు. నా ఇంట్లో బ్రెడ్డూ బిస్కెట్లూ ఉండవుగా. నాకు పడవు."

ఇంటికొచ్చాక బస్సు డ్రైవరైన భర్త కూతుర్ని ఎత్తి బరువు చూసి, "మా అక్క చెయ్యి మంచిదే!" అన్నాడు. ఆ పూట ఆయన కంచంలో అన్నం కాస్త గట్టిగానే పడింది.

పదిహేను రోజులు తిరక్కుండానే పిచిక మళ్లీ మూలకి చేరింది. "అత్తయ్య దగ్గరికి పోదామమ్మా" అని ఒకటే పాట. ఏడేళ్లు నేను పెంచితే నొప్పి, రెండు నెలలు ఆవిడ ఉంచుకుంటే బుగ్గలు! తల్లికి ఒళ్లు మండిపోయింది. పిల్లలో ఏదో జబ్బుందనీ, లోపం తన పెంపకంలో లేదనీ డాక్టరు నోటితోనే చెప్పించాలని పిచికని వెంటబెట్టుకుని వెళ్లింది.

పిల్లల డాక్టరమ్మ ఎత్తూ బరువూ చూసి, పొట్ట నొక్కి, తీరిగ్గా అడిగింది.

"ఇంట్లో ఏం తింటుందమ్మా?"

"నేను బేకరీ నుంచి తెచ్చే బ్రెడ్డు, బన్నులు. తాజావండీ."

"అత్తయ్య ఇంట్లో నాకు నొప్పి రాలేదు" అంది పిచిక. "అక్కడేం తినేదమ్మా?"

చెప్పక తప్పలేదు. డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "గోధుమల్లో గ్లూటెన్ అని ఒకటి ఉంటుంది. కొందరికి అది పడదు. తిన్నకొద్దీ చిన్నపేగు లోపల దెబ్బతింటుంది, తిండి ఒంటికి పట్టదు. సీలియక్ అంటారు. అదేనేమో చూడాలి. కాకపోతే ఒక చిక్కుంది. రెండు నెలలు గోధుమ తినలేదు కాబట్టి ఇప్పుడు రక్తం తీస్తే జబ్బున్నా కనపడకపోవచ్చు. ఆరు వారాలు రోజూ తినాలి. అప్పుడు పరీక్ష చేద్దాం. మరీ తట్టుకోలేకపోతే వెంటనే తీసుకురండి."

నొప్పి పెడుతుందని తెలిసీ పెట్టాలి. అదీ తన చేత్తో. దారి పొడుగునా పిచిక తల్లికి ఒకటే కనిపించింది: ఈ ఆరు వారాలూ నేను చెడ్డదాన్ని, ఆవిడ మంచిది. ఇల్లు చేరేలోపు ఒక అబద్ధం తయారైంది.

"పరీక్ష అయ్యేదాకా వాళ్ల అత్త ఇంటికి పంపొద్దన్నారు డాక్టరుగారు" అని భర్తతో చెప్పింది. ఆయన అదే మాట అక్కకి చేరవేశాడు.

మొదటివారం బెదిరిస్తే తింది పిల్ల. తర్వాత కథ చెబితే తింది. నాలుగోవారం వచ్చేసరికి పళ్లు బిగించేసింది. "నీ బ్రెడ్డు నాకొద్దు" అంటే, బేకరీలో అందరూ మెచ్చుకునే ఆ తల్లి ప్లేటు పట్టుకుని నిలబడిపోయింది.

ఆ ఆదివారం ఆడపడుచు చెప్పకుండా వచ్చింది, సంచిలో కొత్త గౌనుతో. సెలవుల చివర్లో తీసిన కొలతలతో కుట్టింది. పిల్లకి తొడిగితే నడుం దగ్గర వదులై వేలాడింది. ఆవిడ ఆ వదులుని రెండు వేళ్లతో పట్టి చూసింది. పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "పరీక్ష పాసవ్వాలంటే తినాలంటగా, పట్టు నోరు" అంది. పిచిక కళ్లు తుడుచుకుని, నోరు తెరిచి, ముక్క తర్వాత ముక్క తినేసింది.

ప్లేటు ఖాళీ అయితే ఏ తల్లయినా ఊపిరి పీల్చుకుంటుంది. పిచిక తల్లి మాత్రం ఆ ప్లేటుని విసురుగా లాక్కుంది.

"డాక్టరు వద్దన్నారని చెప్పించాను కదా వదినా, ఎందుకొచ్చావు?"

"పిల్లని నా ఇంటికి పంపొద్దన్నారు గానీ, నన్ను మీ ఇంటికి రావొద్దన్నారా?"

ఆవిడ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆరు వారాలు గడిచాయి. రక్తపరీక్షలో అంకెలు బాగా పైన ఉన్నాయి. ఆ తర్వాత పిల్లకి మత్తిచ్చి, నోట్లోంచి సన్నని గొట్టం పంపి, చిన్నపేగు లోపలి నుంచి గింజంత ముక్కలు తీశారు. పది రోజుల తర్వాత ముగ్గురూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు: తల్లి, పిచిక, పిచిక చెయ్యి వదలకుండా ఆడపడుచు. డ్యూటీ వల్ల రాలేని తండ్రి తనకి బదులు అక్కని పంపాడు.

"సీలియక్కే. ఇక జీవితాంతం గోధుమ ముట్టకూడదు. అలా ఉంటే మామూలు పిల్లల్లాగే ఎదుగుతుంది. ఇది రక్తసంబంధీకుల్లో కూడా ఉండొచ్చు. ఇంట్లో ఇంకెవరికైనా గోధుమ పడదా?"

"నాకు పడదండీ. మానేసి ఇరవై ఏళ్లయింది" అంది ఆడపడుచు.

జబ్బులో కూడా ఇద్దరిదీ ఒకటే జట్టు! అంత దిగుల్లోనూ ఆ ఆలోచన వచ్చినందుకు పిచిక తల్లికి తన మీద తనకే రోత పుట్టింది.

"ఇకనైనా పిల్ల మా ఇంటికి రావచ్చాండీ?" అని అడిగింది ఆడపడుచు.

డాక్టరమ్మ తెల్లబోయింది. "రావద్దని నేనెప్పుడన్నాను?"

పిచిక తల్లి చెవులు వేడెక్కాయి. ఆడపడుచు ఆమెవైపు ఒక్కసారి చూసి, "మా తమ్ముడు సరిగ్గా విని ఉండడు లెండి" అని తప్పంతా అక్కడ లేనివాడి మీదికి నెట్టేసింది.

బయట వరండాలో పిచిక నీళ్లు తాగడానికి పరిగెత్తింది. అప్పుడు పిచిక తల్లి నోరు విప్పింది. "తమ్ముడు కాదు వదినా. నేనే కల్పించాను. అది నీ దగ్గర నవ్వుతుంటే నేను చూడలేకపోయాను."

"తెలుసు. కొలతలు తీసేదాన్ని, ఎవరికెక్కడ బిగుతుగా ఉందో కనిపించదా?" ఆవిడ గొంతులో నవ్వు లేదు. "మంచి పని చెయ్యలేదు నువ్వు. ఆ ఆరు వారాలూ ఆ పిల్లకి ఇంకో మనిషి కావాల్సింది. ఈసారి కుళ్లుగా ఉంటే డాక్టరు మీద పెట్టకు, నాతో చెప్పు. నాలుగు రోజులు రాకుండా ఉంటాను."

"నాలుగు రోజులేనా?" అంది పిచిక తల్లి, ఏడుస్తూనే.

బేకరీ పని మానలేదు. ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే పిల్లని ముట్టుకునేది. కొత్త గిన్నెలు, కొత్త జల్లెడ కొని బియ్యప్పిండితో బ్రెడ్డు చెయ్యడం మొదలుపెట్టింది. మొదటిది ఇటుక. రెండోది జావ. ఐదోసారికి ముక్కగా కొయ్యడానికి వీలైంది. పిచిక కొరికి, నమిలి, నొప్పి వస్తుందేమోనని కాసేపు ఆగి, ఇంకో ముక్క అడిగింది. ఆ ఒక్క క్షణం తల్లికి లోకంలో పోటీ ఎవరూ లేరు.

"అత్తయ్య కూడా తినొచ్చు కదమ్మా! ఆవిడకో ముక్క ఉంచుదాం" అంది పిచిక.

అదే పాత మంట రివ్వున లేచింది. తల్లి కత్తి తీసుకుని ఒక ముక్క కోసింది. పల్చగా వచ్చింది. దానివైపు కాసేపు చూసి, పక్కనే ఇంకోటి మందంగా కోసి, రెండూ డబ్బాలో పెట్టింది.