మందు పడని చెట్టు

ఊళ్ళో చెట్లకు పురుగుమందు కొట్టే ఉద్యోగం కాబట్టి అతన్ని అందరూ మందాయన అనేవారు. కొమ్మల సందుల్లో తెల్లటి గూళ్ళు అల్లుకుని, ఆకన్నది మిగల్చకుండా తినేసే గొంగళి పురుగులంటే అతనికి పగ. ఈ ఏడు వారం తిరక్కుండానే ఊరంతా చుట్టేశాడు. ఒక్క గూడు కనిపించినా పేరు మార్చుకుంటానని గొప్పలు కూడా పోయాడు.

అంతా బాగానే ఉంది గానీ, ఆ మధ్యాహ్నం పశువుల ఆసుపత్రి నుంచి అతని భార్య ఫోన్ చేసింది. ఆవిడ అక్కడ నర్సు.

“ఏమండీ, ఎవరో కోకిలను తెచ్చారు. మందు పడ్డ పురుగుల్ని తిన్నట్టుంది. డాక్టరుగారు విరుగుడిచ్చాక లేచి కూర్చుంది. కానీ ఏం పెట్టినా ముట్టదు. దానికి ఆ బొచ్చు పురుగులే కావాలట. సాయంత్రంలోగా ఏదో ఒకటి తినకపోతే దక్కదంటున్నారు.”

మందాయన గతుక్కుమన్నాడు. మిగతా పిట్టలు దగ్గరికైనా పోని ఆ పురుగుల్ని కోకిలే కదా గుటుక్కున మింగేది! తనకన్నా ముందునుంచీ అదే పని చేస్తున్న పిట్టను తనే పడగొట్టాడు. పాపం కాకపోతే ఏమిటి మరి!

“ఊళ్ళో ఒక్కటి కూడా మిగల్లేదే,” అన్నాడు నీరసంగా.

అది అబద్ధం. స్కూలు వెనకాల పెద్ద చెట్టు మిగిలింది. మిగతావాటికి కిందనుంచే పొడుగు గొట్టంతో కొట్టొచ్చు. దీని గూళ్ళు మరీ పైన, నిచ్చెనెక్కాల్సిందే. ఆరేళ్ళ కిందట అక్కడే నిచ్చెన జారి, కొమ్మ పట్టుకుని వేలాడాడు. దెబ్బేమీ తగల్లేదు గానీ, అప్పట్నుంచీ మూడో మెట్టు దాటితే కాళ్ళు గజగజ. ఏటా ఆ చెట్టుకూ కొట్టేశానని చెప్పి తప్పించుకుంటున్నాడు. ఇంకొకరిని ఎక్కిస్తే బండారం బయటపడుతుంది. పైగా భార్యేమో కనిపించిన వాళ్ళందరితో, “మా ఆయన కోతిలా చెట్లెక్కేస్తాడు,” అని మురిసిపోతుంది. ఆవిడ ముందు నోరెలా విప్పడం?

కానీ సాయంత్రం దాటితే ఆ పిట్ట దక్కదు.

“స్కూలు దగ్గరికి రా. మూతున్న సీసా ఒకటి పట్టుకురా,” అన్నాడు చివరికి.

ఆవిడ వచ్చేసరికి మూడో మెట్టు మీద నిచ్చెనను కావలించుకుని ఉన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది.

“నాకు భయమే,” అన్నాడు కిందికి చూడకుండా. “ఆరేళ్ళుగా ఈ చెట్టెక్కలేదు. నీకు చెప్పడానికి సిగ్గేసింది.”

“తెలుసు లెండి. ఆరేళ్ళుగా ఇంట్లో బల్బులు ఎవరు మారుస్తున్నారనుకున్నారు?”

“మరి కోతిలా ఎక్కుతానని ఊరంతా...?”

“మీరు దాచుకున్నదాన్ని నేనెందుకు బయటపెడతానండీ?” ఆవిడ సీసా అందించి, నిచ్చెనను రెండు చేతులా అదిమి పట్టుకుంది. “వదలను. ఎక్కండి.”

నాలుగో మెట్టు దగ్గర కళ్ళు మూసుకున్నాడు. ఏడో మెట్టు దగ్గర తెరిచాడు. చివరి మెట్టు మీంచి చెయ్యి చాచి, గూడును పురుగులతో సహా సీసాలోకి లాగాడు.

ఆసుపత్రి పంజరంలో కోకిల ఒక పురుగును ముక్కున కరుచుకుని, కర్రకేసి రెండుసార్లు కొట్టి మింగింది. ఆ వెంటనే ఇంకొకటి. మందాయనకు కళ్ళు చెమర్చాయి.

“ఇక బతికినట్టే,” అన్నాడు డాక్టరు. “పది రోజులు ఇవే పెట్టాలి. ఎలా తెచ్చారు?”

“మా ఆయనండీ, కోతిలా...”

“కోతీ లేదు, గీతీ లేదు డాక్టరుగారూ,” మందాయన అడ్డుపడ్డాడు. “నాకు ఎత్తంటే చచ్చేంత భయం. ఈవిడ కింద పట్టుకుంటే ఎక్కాను.”

భార్యవైపు తిరిగాడు.

“రేపు కూడా నువ్వే పట్టుకోవాలి.”