ఊరగాయ పీపాలో బీరు

అప్పటికి మా పెళ్ళయి నెల. ఒషిన్ మేకును గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి నీలం పీపా మూతకు కన్నం పెడుతుంటే, పక్కనే కూర్చుని అతని చెవి వెనక జారుతున్న చెమటచుక్కను చూసి నవ్వుకుంటున్నాను. కాలిన ప్లాస్టిక్ కంపు కూడా బాగానే అనిపించింది. ఆ రోజుల్లో నాకు నచ్చనిదంటూ లేదు.

పక్క గదిలో మా మామగారు బాబ్‌కెన్ మంచం పట్టి ఉన్నారు. డాక్టరు ఇక నెల అన్నాడు. ఆయన కుర్రతనంలో బీరు కర్మాగారంలో నేలమాళిగలో బీరు పులియబెట్టే పని చేశారు. ప్రభుత్వం మారి మద్యం నిషేధించిన ఏడు దానికి తాళం పడింది. మా జుల్ఫా పేటలో ప్రతి ఇంటా చాటుగా కాచిన ద్రాక్షసారా ఉంటుంది కానీ, బీరు ఎవరూ కాయరు. ఆయన కోరింది ఒక్క గ్లాసు బీరు. అది తయారవడానికి మూడు వారాలు. రెండోసారి కాయడానికి ఆయనకు వ్యవధి లేదు.

"ఇందులో ముందేం పోసేవారు?" అని ఒషిన్ అడిగాడు.

"నీళ్ళు."

అబద్ధం. పదకొండేళ్ళు మా అమ్మ అందులో కీరదోసకాయలు, కాలీఫ్లవర్ వెనిగర్‌లో ఊరవేసింది. సారెలో ఎర్ర రిబ్బను కట్టి పంపింది. సోడాతో మూడుసార్లు తోమి, మిద్దె మీద ఎండబెట్టాను. ఆయన తాగే ఆ గ్లాసు నా పుట్టింటి పీపాలోంచి రావాలని నా ఆశ.

బార్లీ నేనే మొలకెత్తించాను. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు యెరెవాన్ నుంచి మా బాబాయి పంపాడు. ఒషిన్ కొట్టులో ఈస్టు కొని తెచ్చి, కాచిన బార్లీ నీళ్ళలో కలిపి పీపాలో పోశాడు. మామగారి సెలైన్ కోసం తెచ్చిన గొట్టాల్లో కొత్తదొకటి తీసి, ఒషిన్ మూత కన్నంలో దూర్చాడు. రెండో కొస నీళ్ళ సీసాలో ముంచాడు. మర్నాటికి సీసాలో బుడుక్ మంది. నేను చప్పట్లు కొట్టాను.

"గది తలుపు తెరిచి ఉంచమ్మాయ్," అన్నారు మామగారు లోపలి నుంచి. "నిమిషానికి పన్నెండు బుడగలు. మంచి పట్టు మీదుంది. ఒరేయ్ ఒషిన్, మూత ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా."

"లేచి వచ్చి విరగ్గొట్టు నాన్నా."

"లేవలేననేగా ఆ ధైర్యం!"

రోజురోజుకూ బుడగలు తగ్గాయి. ఆయన తిండీ తగ్గింది. ఇరవై ఒకటో రోజున ఒషిన్ మూత తీశాడు. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఒషిన్ ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. నావైపు చూడబోయేలోపే మామగారు చెయ్యి చాపారు. "ఇటివ్వు." పెదవులు తడుపుకుని చాలాసేపు నాలుక మీదే ఉంచుకున్నారు.

"నీ ఈస్టు పాతదిరా. పనికిమాలినోడా, కొట్టువాడు నీకు చచ్చిన ఈస్టు అంటగట్టాడు."

"ముందురోజే వచ్చిన సరుకన్నాడు నాన్నా..."

"అన్నాడులే."

ఒషిన్ గుమ్మం దాటి వెళ్ళి గోడకు తల ఆనించి నిలబడ్డాడు. మామగారు గ్లాసు నా చేతిలో పెట్టారు.

"మీ అమ్మ ఊరగాయలో తర్ఖూన్ ఆకు వేస్తుందా?"

"వేస్తుంది, మామయ్యా."

"అనుకున్నా. పీపా లోపల గీతలు పడితే వెనిగర్ అందులోనే కాపురం పెడుతుంది. నువ్వెంత తోమినా అంతే. మాకు కర్మాగారంలో మొదటి రోజే చెప్పారు." కళ్ళు మూసుకున్నారు. "పారబొయ్యకు. అందులో కీరదోసకాయలు వెయ్యి."

ఆ తర్వాత ఆరో రోజున పోయారు.

ఆయన పోయిన నలభయ్యో రోజు భోజనాల్లో ఆ దోసకాయలు పెట్టాను. కరకరలాడాయి. ఎవరు చేశారని చుట్టాలు అడిగి మరీ వడ్డించుకున్నారు. ఒషిన్ ఒకటి కూడా ముట్టలేదు.

"ఈస్టు నేను చూసి తేవాల్సింది," అన్నాడు నాతో, గిన్నెలు సర్దుతుంటే.

ఇప్పటికీ అంటుంటాడు. నేను వినీ విననట్టు గిన్నెలు తోముతుంటాను.